పుంజుకిచ్చిన మాట

ఇది ఇప్పుడే రాయాలి, లేకపోతే రేపటికల్లా బాపు మాట మా ఇంట్లో చట్టమైపోతుంది.

లాక్‌డౌన్‌లో మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగినప్పుడు బాపు కూరకని ఒక పుంజును తెచ్చాడు. కోయడానికి మనసొప్పలేదు. మేం మిల్లు పనికి వలస వచ్చిన ఉధ్నాలోని అద్దె గదిలో అది ఇంటి మనిషైపోయింది. మొన్న చనిపోయింది. బాపు అన్నం మానేశాడు. మనుషులకు చేసినట్టే మూడో రోజు పిట్టకు పెట్టాలన్నాడు, కాకి ముద్ద ముడితేనే ఆత్మకు తృప్తట.

ఈ ఉదయం డాబా మీద ఆకులో అన్నం, దానికిష్టమైన జొన్నలు పెట్టాం. కాకులు గోడ మీద కూర్చుని చూశాయే తప్ప ముట్టలేదు.

"దానికేదో కోరిక మిగిలింది," అన్నాడు బాపు, మాస్కుతోనే కళ్లు తుడుచుకుంటూ.

"కూర గాకుండ సచ్చింది, గంతకన్న ఏం గావాలె దానికి!" అంది అమ్మ.

బాపు పుంజును తలుచుకుని చేతులు జోడించాడు. "బిడ్డా, ఇగ మా ఇంట్ల ఎవ్వరం కోడి తినం."

వెంటనే ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది. బాపు కడుపునిండా తిన్నాడు. నేనే ముద్ద పక్కన పెట్టి అడిగాను.

"నన్నడగకుండ మాటిచ్చినవేంది బాపూ?"

"ఇంట్ల సదువుకున్నది నువ్వొక్కదానివే. ఇచ్చిన మాట తప్పొచ్చో లేదో నువ్వే చెప్పు."

నా డిగ్రీ పుస్తకాల్లో ఇది లేదు. పుంజుకిచ్చిన మాటకు ఇంటిల్లిపాదీ కట్టుబడాలా, ఇచ్చినాయన ఒక్కడే కట్టుబడితే సరిపోతుందా? రేపు ఆదివారం, కోడికూర రోజు; పొద్దుటిలోపు చదివినవాళ్లే చెప్పండి. గుడ్డు సంగతి కూడా తేల్చండి.