చెల్లెలు మాత్రలు మానేసిన ఏడాది

మా చెల్లెలికి మొదటిసారి ఫిట్స్ వచ్చింది తొమ్మిదో తరగతిలో. బడి ఆవరణలో ఎండలో నిలబడి ఉండగా పడిపోయింది. అమ్మ కొత్తగూడెం తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. రోజూ వేసుకోవాల్సిన మాత్రలు రాసి, ఏం జరిగినా వాటిని మానొద్దని ఆయన గట్టిగా చెప్పాడు. అమ్మ ఆ మాత్రల డబ్బాను అలమారలో బైబిలు పక్కనే పెట్టింది. మాత్ర వేసుకునే ముందు చెల్లెలు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. ఆ రెండింటికీ మధ్య మా ఇంట్లో ఎప్పుడూ పేచీ రాలేదు.

మాది ములకలపల్లి. తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. నేను మండల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ను. అమ్మ పోయాక ఇల్లు చెల్లెలికి వదిలేసి, నేనూ మా ఆయనా ఆఫీసు దగ్గర కిరాయి ఇంట్లోకి మారాం.

అమ్మ ఇంటికి పక్కిల్లు ఖాలాది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని అని అర్థం. మాకే కాదు, ఊరందరికీ ఆమె ఖాలానే. బుట్టలో గాజులు పెట్టుకుని అడవి పల్లెలన్నీ తిరిగి అమ్మేది. కోయ ఆడవాళ్లతో కోయ భాషలోనే బేరమాడేది. పీర్ల పండుగ వస్తే పీర్లకు కట్టే పట్టుబట్టలు ఆమె చేతి మీదుగానే బయటికి వచ్చేవి. చెల్లెలికి ఫిట్స్ వచ్చినప్పుడు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చేది కూడా ఆమే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, తెలివి వచ్చేదాకా అక్కడే కూర్చునేది.

చెల్లెలి భర్త, అంటే మా మరిదీ, ఖాలా కొడుకూ ఐటీఐలో కలిసి చదివారు. చదువయ్యాక మెయిన్ రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు పెట్టారు. చెల్లెలికి ఈ సంబంధం కుదిర్చింది కూడా ఖాలానే. కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చే రైతులతో షాపు ఎప్పుడూ నిండుగా ఉండేది. బాగుచేసిన మోటారుకు రైతులు అక్కడే పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి తీసుకుపోయేవారు. ఆ చిప్పల్లో ఒకటి మరిది తినేవాడు, ఇంకొకటి ఖాలా కొడుకు ఇంటికి తెచ్చేవాడు.

చెల్లెలికి తొలి కాన్పులో బిడ్డ చనిపోయి పుట్టాడు. ఆ తర్వాతే మరిది మారాడు. పినపాక వైపు ఏదో మోటారు పని మీద పోయినప్పుడు, అక్కడ రేకుల షెడ్డులో నడిచే ఒక ప్రార్థన కూటానికి వెళ్లాడు. బిడ్డ ఎందుకు పోయాడో అక్కడి బోధకుడు చెప్పాడట. మీది చచ్చిన సంఘం, మీ ఇంట్లో దేవుడి కంటే మాత్రలకు ఎక్కువ విలువ ఉంది, అందుకే అన్నాడట. జవాబు దొరకని వాడికి ఒక జవాబు దొరికింది. మరిది మా చర్చి మానేశాడు. ఇంట్లో అమ్మ ఫోటో తీసేశాడు. చెల్లెలి చెవులకు కమ్మలు పోయాయి, తలలో పూలు పోయాయి.

ఇంచుమించు అదే సమయంలో ఖాలా కొడుకు కూడా మారాడు. అతన్ని మార్చింది ఫోను. షాపులో చెవికి తీగ పెట్టుకుని పొద్దంతా ఉపన్యాసాలు వినేవాడు. తర్వాత పట్నం నుంచి వచ్చే కొందరితో తిరగడం మొదలుపెట్టాడు. ఊరి మసీదు పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి, "నమాజు చెయ్యి బేటా, మంచిదే. గని అమ్మను బాధపెట్టకు" అన్నాడట. ఆయనకేం తెలుసని కొట్టిపారేశాడు. ఆ ఏడు ఖాలా పీర్ల బట్టలు ముట్టలేదు. పీర్లను మొక్కడం క్షమించరాని పాపమని కొడుకు అన్నాడు. గాజుల బుట్టను అటక మీద పెట్టించాడు. క్రిస్మస్‌కు చెల్లెలు పంపిన గిన్నె మూత కూడా తీయకుండా వెనక్కి పంపాడు.

ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. షాపులో కొబ్బరికాయ కొట్టొద్దని, మోటారుకు బొట్టు పెట్టొద్దని రైతులకు చెప్పేశారు. రైతులు ఒక్కొక్కరే వేరే షాపు చూసుకున్నారు. ఖాళీ షాపులో కూర్చుని ఇద్దరూ ఒకరి దేవుణ్ణి ఒకరు తప్పుపట్టుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోతూ నేను అటు వెళ్లేసరికి షాపు మధ్యలో ప్లైవుడ్ అడ్డుగోడ కడుతున్నారు. మరిది మేకులు అందిస్తుంటే ఖాలా కొడుకు కొడుతున్నాడు.

"ఏందిది?" అన్నాను.

"ఇగ కలిసి కుదరదు వదినా" అన్నాడు మరిది. "అవిశ్వాసులతోని పొత్తు వద్దు."

ఖాలా కొడుకు సుత్తి ఆపకుండానే, "నేను గూడ అదే అంటున్న అక్కా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం కూడా. కొన్నాళ్లు చూస్తే వాళ్లే సర్దుకుంటారనుకున్నాం.

వానాకాలంలో చెల్లెలి ఇంటికి పోతే అలమారలో మాత్రల డబ్బా కనబడలేదు. మరిది ఇంట్లో లేడు.

"మాత్రలేవి?"

"మానేసిన అక్కా. నాకు స్వస్థత అయింది."

"ఎవరు చెప్పిన్రు?"

"కూటంల చెప్పిన్రు. అందరి ముంగట సాక్ష్యం గూడ ఇచ్చిన."

"మరి ఫిట్స్ వస్తలేదా?"

చెల్లెలు బియ్యంలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "వస్తున్నయ్" అంది తర్వాత. "వచ్చినట్టు చెప్తే నాకు విశ్వాసం లేదంటరు. బిడ్డ గూడ అందుకే పోయిండంటరు. చెప్పను అక్కా. నువ్వు గూడ చెప్పకు."

"నువ్వు నమ్ముతున్నవా?"

"నమ్మకపోతే ఎట్ల?" అంది. "ఆయనకు ఇంకేం మిగిలింది?"

మర్నాడు కొత్త మాత్రలు కొని ఇచ్చాను. తీసుకుంది. వేసుకుందో లేదో తెలియదు. మరిదితో మాట్లాడాను. అతను గొంతు పెంచలేదు. "దేవుడు చూసుకుంటడు వదినా. మీకు భయమెక్కువ" అన్నాడు మర్యాదగా. మా పాస్టరుగారు కూడా వెళ్లి, డాక్టరు చదువు కూడా దేవుడిచ్చిందేనని నచ్చజెప్పబోయారు. మరిది ఆయన్ని గడపలోనుంచే పంపించేశాడు.

చలికాలంలో ఒకరోజు పొద్దున ఆఫీసులో ఉండగా ఖాలా ఫోను చేసింది. "బేటీ, జల్దీ రా. పిల్లకు ఆగుతలేదు. నన్ను లోపలికి రానిస్తలేరు" అంది. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తు లేదు.

ఖాలా చెల్లెలి ఇంటి గేటు బయట నిలబడి ఉంది. లోపల కూటం వాళ్లు నలుగురైదుగురు చెల్లెలి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా ప్రార్థన చేస్తున్నారు. ఉపవాస ప్రార్థన పెట్టుకున్నారట. చెల్లెలు ముందురోజు నుంచీ ఏమీ తినలేదట. ఆమె ఒళ్లు ఎగిరి ఎగిరి పడుతోంది, కాసేపు ఆగుతోంది, తెలివి రాకముందే మళ్లీ మొదలవుతోంది. ఇద్దరు ఆమె చేతులు అదిమి పట్టుకున్నారు.

"దవాఖానాకు తీసుకపోదాం, లేవండి" అన్నాను.

"అయిపోతది వదినా. బయటికి పోతున్నది ఆ దయ్యం" అన్నాడు మరిది. అతని కళ్లలో నీళ్లున్నాయి. అది నాకు బాగా గుర్తుంది. అతను ఆమెను ప్రేమించలేదని నేనెప్పుడూ అనలేను.

నూట ఎనిమిదికి ఫోను చేస్తే అంబులెన్సు ఇంకో ఊళ్లో ఉంది, వచ్చేసరికి ఆలస్యమవుతుందన్నారు. షాపుకు పరుగెత్తాను. ఖాలా కొడుక్కు మోటార్లు మోసే ట్రాలీ ఆటో ఉంది. నా మొహం చూసి అతను లేచాడు.

"ఆ ఇంట్లకు నేను రాను అక్కా" అన్నాడు. బండి తాళం చెవి తీసుకుని, "గల్లీ మొదట్ల బండి పెడత. బయటికి తీసుకరా" అన్నాడు.

ఎలా తీసుకొచ్చానో వరుసగా చెప్పలేను. కూటం వాళ్లలో ఒకామెను తోశాను. ఖాలా ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చి చెల్లెలి కాళ్లు పట్టుకుంది. గ్రీజు మరకల ట్రాలీలో చెల్లెల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి ఇద్దరం చెరోవైపు కూర్చున్నాం. ఊళ్లో దవాఖానాలో సూది వేసి కొత్తగూడెం పొమ్మన్నారు. పోయాం. అక్కడ ఫిట్స్ ఆగాయి. కానీ చెల్లెలు కళ్లు తెరవలేదు. మర్నాడు మధ్యాహ్నం చనిపోయింది. ఇంకాస్త ముందు తెస్తే అని డాక్టరు ఏదో చెప్పబోయి ఆపేశాడు. నేను తల ఊపాను.

నాకు ఏడుపు రాలేదు. సమాధి దగ్గర కూటం వాళ్లు ఏడవొద్దన్నారు, ఏడవడం అవిశ్వాసమన్నారు. వాళ్లు చెప్పినందుకు కాదు, అసలే రాలేదు. పూలు వద్దన్నారు. సరే అన్నాను. మా పాస్టరుగారు దూరంగా నిలబడి తనలో తాను ప్రార్థన చేసుకుని వెళ్లారు. ఖాలా రాలేదు. తర్వాత తెలిసింది, కొడుకు ఆమెను లోపల ఉంచి ఇంటికి తాళం వేసి పోయాడట. బండి ఇచ్చిందీ అతనే, తాళం వేసిందీ అతనే.

వారం తిరగకుండా నేను ఆఫీసుకు పోయాను. దరఖాస్తులు ఎక్కించాను. ఎవరైనా మాట్లాడితే మాటలు వినబడేవి, అర్థం ఆలస్యంగా వచ్చేది. మా ఆయన పోలీసు స్టేషనుకు పోదామన్నాడు. పోయి చెప్పాం. మరిదినీ బోధకుణ్ణీ పిలిచి అడిగారు. ఆమె ఇష్టప్రకారమే మాత్రలు మానిందని వాళ్లిద్దరూ చెల్లెలు సాక్ష్యం చెప్పిన వీడియో చూపించారు. అందులో చెల్లెలు నవ్వుతూ ఉంది. పోలీసులు ఇద్దర్నీ పంపేశారు. తర్వాత ఊళ్లో ఇంకో గుంపువాళ్లు వచ్చి, చెల్లెలి ఫోటో ఇస్తే ఫ్లెక్సీ వేసి చర్చిలకు వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తామన్నారు. మా చర్చి ముందు నుంచే తీస్తారట. ఇవ్వనన్నాను. వాళ్లకూ కోపం వచ్చింది.

మరిది షాపు వదిలేసి పినపాక కూటం దగ్గరికే వెళ్లిపోయాడు. అక్కడ ఇప్పుడు అతనూ సాక్ష్యం చెబుతున్నాడట. ఏం చెబుతున్నాడో నేను అడగలేదు.

వేసవి సెలవులయ్యాక ఖాలా కొడుకు తన కూతుర్ని ఎనిమిదో తరగతికి పంపలేదు. ఆడపిల్లకు ఇక చదువు చాలన్నాడు. ఖాలా మూడు రోజులు కొడుకుతో పోట్లాడింది. తర్వాత ఒకరోజు పొద్దున్నే మనవరాలి చెయ్యి పట్టుకుని బస్సెక్కి కూసుమంచిలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయింది. పిల్ల తల్లే సంచి సర్ది ఇచ్చిందట.

సాయంత్రం ఖాలా కొడుకు మా కిరాయి ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. "నువ్వే చెప్పి పంపినవా అక్కా?" అన్నాడు.

"లేదు" అన్నాను. "నాకు తోచలేదు. తోస్తే చెప్పేదాన్నే."

"నా బిడ్డ సంగతి నీకెందుకు?"

"నీ బండిల పోయింది నా చెల్లె. నువ్వు గూడ చూసినవ్ గద."

అతను తల వంచుకున్నాడు. వెళ్లిపోయాడు. అతను కూసుమంచికి పోయి పిల్లను తెచ్చుకోనూ లేదు, ఖర్చులకు డబ్బు పంపనూ లేదు.

దసరా సెలవుల్లో నేను కూసుమంచి వెళ్లాను. పిల్ల అక్కడి సర్కారు బడిలో చేరింది, యూనిఫాం ఇంకా రాలేదని అందరికీ చెప్పుకుంటోంది. ఖాలా పప్పు చేసి, అన్నం వడ్డించి, నా ఎదురుగా కూర్చుంది. పప్పులో ఉప్పు ఎక్కువైంది. "బాగుందా?" అని అడిగింది. బాగుందన్నాను. ఇంకొంచెం వేసింది. తిన్నాను. మూడున్నర బస్సుకు బయలుదేరుతుంటే, "ఏడ్చినవా బేటీ?" అని అడిగింది. "ఇంకా లేదు ఖాలా" అన్నాను. సరే అన్నట్టు తల ఊపి, బస్టాండు దాకా నా వెంట నడిచింది.