ఫ్యానమ్మ కోయించిన హబ్బు

మా వదినకు ప్లాంటులో ఫ్యానమ్మ అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు. ఆమె వరండా మలుపు తిరిగిందని ఖాయం చేసుకున్నాకే అంటారు. ఈ సంగతి ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది. లోలోపల ఆ పేరు ఆమెకు ఇష్టమే మరి. నేను మాత్రం మొహం మీదే అంటాను. ఆడపడుచునై పుట్టాక ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా?

మాది అణు విద్యుత్ కేంద్రం. అందులో గాలి ఆడించే ఫ్యాన్లన్నీ వదిన సెక్షన్ కిందకు వస్తాయి. అవి ఇంట్లో నెత్తి మీద తిరిగే ఫ్యాన్లలాంటివి కావు. మనిషి నిలబడి నడిచేంత గొట్టాల్లో, ఇనుప తలుపుల వెనక తిరుగుతుంటాయి. కొన్ని రియాక్టరు పక్క గదుల్లోని గాలిని లాగి వడపోతలకు అందిస్తాయి. కొన్ని కంట్రోల్ రూముకు శుభ్రమైన గాలి పంపుతాయి. బయట ఏ ఉపద్రవం వచ్చినా కంట్రోల్ రూములో ఉన్నవాళ్లు కుర్చీలు వదిలి లేవకూడదు. వాళ్లు లేస్తే రియాక్టరును చూసే దిక్కుండదు. అందుకని వాళ్లకు అందే గాలి ఆగకూడదు. ఆ కుర్చీల్లో ఒకదానిలో మా అన్నయ్య కూర్చుంటాడు. నేను స్టోర్సులో పనిచేస్తాను. ఒకే గేటులోంచి ముగ్గురం లోపలికి వెళ్లి, ఒకే గేటులోంచి బయటికి వస్తాం. దారిలో పోట్లాడుకుంటాం కూడా.

వదినకు చప్పుడు చేసే ఫ్యాను పడదు. ఒంటికి పడదన్నట్టే పడదు. ఒకసారి ఒంట్లో బాగాలేని దూరపు బంధువును చూడటానికి వెళ్లాం. ఆయన తన బాధ చెప్పుకుంటూంటే ఈవిడ ఆయన మొహం చూడకుండా పైకి చూస్తోంది. చివరికి ఉండబట్టలేక స్టూలు అడిగి, స్క్రూ బిగించి దిగింది. ఆయనకు జ్వరం తగ్గిందో లేదో గుర్తులేదు కానీ ఫ్యాను టకటక మాత్రం తగ్గింది. నాకు అక్కడ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ప్లాంటులో అయితే ఆమెకు అడ్డే లేదు. పెద్ద ఫ్యానుకు మధ్యలో హబ్బు అని ఒక దిమ్మ ఉంటుంది. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేస్తారు. రెక్కలన్నీ దానికే బిగిస్తారు. ఎంత బాగా చేసినా ఏదో ఒక వైపు రవ్వంత తేలిక ఉంటుంది, అప్పుడు ఫ్యాను అదురుతుంది. ఆ తేలికైన వైపు చిన్న చిన్న ఇనప బిళ్లలు బిగించి సరిచేస్తారు. ఈ విద్యలో మా వదినను మించినవాళ్లు లేరు. మిగతా కేంద్రాల్లో ఫ్యాను పక్కన నిలబడితే గుండెల్లో గుయ్యిమంటుంది. మా దగ్గర తలుపు తీసి చూస్తే తప్ప తిరుగుతోందని తెలియదు. ఇందుకని పై ఆఫీసు వాళ్లు ఆమెకు ఒక షీల్డు కూడా ఇచ్చారు. అది మా హాల్లో ఉంది, దుమ్ము నేనే తుడుస్తాను.

ఏటేటా జరిగే మరమ్మతుల కోసం స్టేషన్ ఆపినప్పుడు వచ్చింది గొడవ. డీజిల్ జనరేటర్ల గది ఫ్యానును పరీక్షకు తిప్పుతున్నారు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైంది. స్టోర్సులో ఉన్న నాకే వినిపించి చేతిలో బోల్టుల డబ్బా కాలి మీద పడేసుకున్నాను. ఒక రెక్క హబ్బు ముక్కతో సహా ఊడి గొట్టాన్ని చీల్చుకుని పోయింది. తలుపు వేసి ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

కొన్నాళ్ల కిందట ఫ్యాన్లకు మార్చిన కొత్త హబ్బులను చేసిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు దిగాడు. చొక్కా మీద మడత లేదు, మాటలో తడబాటు లేదు. విరిగిన ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పేశాడు. హబ్బుకు ఏ లోపమూ లేదట. దానికి ఇన్ని బిళ్లలు బిగించడమే తప్పట. చప్పుడు లేకుండా చేయాలన్న అతి జాగ్రత్తే కొంప ముంచిందని నవ్వుతూ అన్నాడు. నాకు ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయింది. మా సూపరింటెండెంటుగారిని అందరం పెద్దసారు అంటాం. ఆయన సగం నమ్మారని మొహంలోనే తెలిసిపోయింది.

వదిన ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచింది. అరచేతిలో పట్టే బిళ్లలకు అంత లోహం విరుగుతుందా అని గోడతో, గిన్నెలతో, నాతో, అన్నయ్యతో వాదించింది. అన్నయ్య తలూపుతూ అన్నం తిన్నాడు. ఉన్నట్టుండి ఆమె ఆగిపోయింది. కానీ నిజంగానే ఈ కొత్త హబ్బులకు బిళ్లలు ఎక్కువ పట్టాయి, ఎందుకు పట్టాయి అని తనను తానే అడిగినట్టు అంది. ఆ తరవాత ఇంకేం మాట్లాడలేదు. వదిన మాట్లాడకపోతే మా ఇంట్లో కరెంటు పోయినట్టు ఉంటుంది.

మర్నాడు పొద్దున నన్నూ వెంటబెట్టుకుని ఫ్యాన్ల దగ్గరికి వెళ్లింది. కరెంటు తీసేసి ఉన్న ఫ్యాన్లను ఒక్కొక్కదాన్ని చేత్తో తిప్పుతూ, టార్చి వేసి చూస్తూ పోయింది. రెండోదో మూడోదో చూసేసరికి మొహం మాడిపోయింది.

"ఇటు చూడమ్మా. ఈ మచ్చ కనిపిస్తోందా? పోత పోసినప్పుడు లోహం అచ్చులోకి దిగిన చోటు ఇది. బిళ్లలన్నీ దీని పక్కనే ఉన్నాయి. ఇందాకటి దాంట్లోనూ అంతే."

"నువ్వే కదా వదినా పెట్టింది."

"నేనే పెట్టాను. ఎక్కడ తేలికగా ఉంటే అక్కడ పెట్టాను. మామూలుగా అయితే ఒక్కో హబ్బుకు ఒక్కో చోట తేలిక రావాలి. అన్నిటికీ ఒకే చోట ఎందుకొస్తుంది? అక్కడ లోపల లోహం లేదు. గుల్ల."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. హబ్బు లోపల బోలుగా ఉంటే ఫ్యాను అదురుతుంది. ఆ అదురే దాని జబ్బు. మా వదిన ఆ అదురును బిళ్లలతో మాన్పి, ఇంకెవరికీ తెలియకుండా చేసేసింది. కుంటికాలికి ఎత్తు చెప్పు కుట్టించి, నడక ఎంత బాగుందో అని మురిసిపోయినట్టయింది. వేరే చోట అయితే ఆ ఫ్యాను గోలపెట్టి ముందే పట్టించేదేమో. మా దగ్గర పనితనం ఎక్కువై పట్టుబడలేదు. షీల్డు వచ్చింది కూడా ఈ హబ్బులకే. అలాంటివి కంట్రోల్ రూము ఫ్యాన్లలోనూ ఉన్నాయి.

ఆమె ఆ మాట దాచుకోలేదు. నేరుగా వెళ్లి పెద్దసారుకు చెప్పింది. ఎక్స్‌రే తీయించారు. హబ్బు ఆకారం వంకరటింకరగా ఉండటం వల్ల ఫొటో మబ్బు పట్టినట్టు వచ్చింది. ఇదిగో మచ్చ అని వదిన అంది. అది పక్క అంచు నీడ అని కంపెనీ ఇంజనీరు అన్నాడు. చూసినవాళ్లలో సగం మంది ఇటు, సగం మంది అటు. స్టేషన్ మళ్లీ మొదలుపెట్టాల్సిన రోజు దగ్గరపడుతోంది. పైనుంచి పెద్దసారుకు ఫోన్లు మొదలయ్యాయి.

అప్పుడు వదిన స్టోర్సులో ఉన్న కొత్త హబ్బును కోసి చూద్దామంది. మిగతా వాటితో పాటే పోత పోసి పంపింది, ఇంకా వాడనిది, ఉన్నది ఆ ఒక్కటే. విరిగిన ఫ్యానుకు వేయాల్సింది కూడా అదే. వర్క్‌షాపులో అందరూ నిలబడి ఉన్నారు. పెద్దసారు చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు.

"అమ్మా, అది కోశామంటే ఇంకోటి వచ్చేదాకా స్టేషన్ ఆగాల్సిందే. కోశాక లోపల గట్టిగా ఉంటే నేను పైవాళ్లకు ఏం చెప్పను?"

"నా పేరు చెప్పండి సార్. సెక్షన్ ఇంకొకళ్లకి ఇచ్చేయండి. నేను రేపటినుంచి స్టోర్సులో మా ఆడపడుచు పక్కన కూర్చుని నట్లు లెక్కపెట్టుకుంటాను."

స్టోర్సు పనంటే ఆమెకు అంత చులకనా అని నాకు చురుక్కుమంది. అయినా అది తగాదా పెట్టుకునే వేళ కాదు. వెళ్లి ఆ పెట్టె తెచ్చి నా చేతులతో బల్ల మీద పెట్టాను. మైనపు కాగితం విప్పుతుంటే పసిపిల్లను వైద్యుడి చేతికి ఇస్తున్నట్టే అనిపించింది.

రంపం మిషను మీద హబ్బును బిగించారు. వదిన ఆ పోత మచ్చ పక్కనే సుద్దతో గీత గీసింది. రంపం మొదలైంది. తెల్లటి నూనె నీళ్లు కారుతున్నాయి, లోహపు పొడి రాలుతోంది. చివరికి ముక్క విడిపోయింది. మిషనువాడు గుడ్డతో తుడిచి పైకెత్తి చూపించాడు.

గట్టిగా ఉంది. అద్దంలా నిగనిగలాడుతోంది. ఎక్కడా సూది మొనంత చిల్లు లేదు.

కంపెనీ ఇంజనీరు చేతులు కట్టుకున్నాడు. నవ్వలేదు, అదొక్కటే మేలు. పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. షీల్డూ పోయింది, సెక్షనూ పోయింది, ఇక జీవితాంతం ఈవిడ నా పక్కనే కూర్చుని నన్ను సతాయిస్తుంది అనుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికే అలాంటి ఆలోచనలు తెచ్చుకున్నానేమో.

వదిన మాత్రం ఆ ముక్క వైపు చూడటం లేదు. మిగిలిన హబ్బు వైపు చూస్తోంది. దానిమీద చెయ్యి వేసి, మచ్చ దగ్గర నుంచి రెక్క బిగించే లావుపాటి చోటిదాకా తడుముతూ వెళ్లింది. అక్కడ ఆగి నెత్తి మీద కొట్టుకుంది. పోతలో లావుగా ఉన్న చోటు అన్నిటికంటే ఆఖరున చల్లారుతుందని, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుందని, పైనుంచి ఇంకాస్త లోహం అందకపోతే అక్కడే గుల్ల పడుతుందని గబగబా చెప్పింది. మచ్చకు అంత దగ్గరగా కోస్తే దొరకదు, లావు చోట కోయాలి. ఇంకో కోత కావాలని అడిగింది. పెద్దసారు నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను.

"ఎలాగూ పాడైపోయింది కదా సార్. ఒకసారి కోసినా రెండుసార్లు కోసినా స్టోర్సుకి తిరిగి పనికిరాదు."

ఆయన నా వైపు ఒక చూపు చూసి మిషనువాడికి తలూపారు. రంపం మళ్లీ దిగింది. సగం దాకా బరువుగా, మొరాయిస్తూ కోసింది. ఉన్నట్టుండి ఒక్కసారిగా తేలికపడి ముందుకు జారింది. మిషనువాడు ఉలిక్కిపడి స్విచ్చి కట్టేశాడు. రంపానికి అడ్డం లేనిచోట లోహం ఎక్కడుంటుంది? మా అందరికీ ఒకేసారి అర్థమైంది. మిగిలింది కూడా కోసి ముక్క విడదీశారు. లోపల నా బొటనవేలు పట్టేంత గుహ ఉంది. గోడలు గరుకుగా, నల్లగా ఉన్నాయి.

కంపెనీ ఇంజనీరు ముందుకొచ్చి అందులో వేలు పెట్టి చూశాడు. తరవాత వదిన వైపు తిరిగి, తప్పు మాదేనండీ అన్నాడు. అంతమందిలో ఆ మాట అనడం తేలిక కాదు. అప్పటినుంచి ఆయన చొక్కా మీద నాకు కోపం పోయింది. పెద్దసారైతే కళ్లజోడు పెట్టుకోవడం కూడా మర్చిపోయి, ఆ ముక్కను కంటికి ఆనించుకుని చూస్తూ ఉండిపోయారు. నేను సిగ్గు విడిచి వదినను వాటేసుకున్నాను. ఆమె చేతుల నూనె నా చీరకంతా అంటింది.

ఆ తరవాత పనులు పరుగులు పెట్టాయి. పోత త్వరగా అయిపోవాలని కంపెనీలో ఎవరో అచ్చు పైన అదనంగా నిలవ ఉంచే లోహాన్ని తగ్గించారట. చల్లారేటప్పుడు లావు చోటికి అందాల్సిన లోహం అందలేదు. వదిన స్వయంగా వాళ్ల పోత షెడ్డుకు వెళ్లింది. ఆ ఇంజనీరు పక్కన నిలబడి కొత్త హబ్బులు పోయించింది. నీడల తగాదా లేకుండా రెండు పక్కల నుంచీ ఎక్స్‌రే తీయించింది. తిరిగొచ్చి పని పద్ధతే మార్చేసింది. ఇకనుంచి ఏ కొత్త హబ్బునైనా ముందు బిళ్లలు లేకుండా ఉత్తదాన్నే తూచాలి, ఒక వైపు హద్దు దాటి తేలిక చూపిస్తే బిళ్లల డబ్బా తెరవకూడదు, హబ్బును వెనక్కి పంపాలి.

ఇవే హబ్బులు వాడుతున్న మిగతా కేంద్రాలకు కూడా కబురు వెళ్లింది. వాళ్లూ కోసి చూసుకున్నారు, వాళ్లకూ గుల్లలు దొరికాయి. ఒక కేంద్రం వాళ్లు మా వదినతో మాట్లాడాలని ఫోను చేశారు. స్పీకరు పెట్టమని నేనే పోరాను. అవతల ఎవరో పెద్దావిడ, చల్లగా ఉండు తల్లీ అంది. వదిన తడబడి, ఇదంతా మా సెక్షన్ పనే అంది. నాకైతే ఆ రోజు నేల మీద కాలు నిలవలేదు. క్యాంటీనులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఫ్యానమ్మ మా వదినే అని చెప్పాను.

స్టేషన్ కాస్త ఆలస్యంగా మొదలైంది. పైవాళ్లు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కొత్త హబ్బులతో ఫ్యాన్లు ఎక్కాయి, పాతవన్నీ దింపి వర్క్‌షాపులో వరసగా పెట్టి కోయించారు. డ్యూటీకి వెళ్లబోతూ అన్నయ్య అటుగా వచ్చాడు. అప్పుడే కంట్రోల్ రూము నుంచి దింపిన హబ్బు రెండు ముక్కలైంది. అందులో గుల్ల ఒక్కటే కాదు, గుల్ల నుంచి పగులు కూడా బయలుదేరింది. పై అంచుకు చేరడానికి గోరంత లోహం మాత్రమే మిగిలి ఉంది.

అన్నయ్య వంగి దాన్ని వేలితో తడిమాడు.

"ఇదేనా మా గదిలో గాలి ఆడించింది?"

"ఇదే. అదురు తెలియకుండా బిళ్లలు పెట్టి నేనే తిప్పాను." అంతమంది ముందు గెలిచినప్పుడు రాని కన్నీళ్లు వదినకు అప్పుడొచ్చాయి.

అన్నయ్య నిటారుగా లేచి, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆపించింది కూడా నువ్వే కదా. నేను వెళ్తున్నాను, నా షిఫ్టు టైమైంది."

అని కార్డు మెడలో వేసుకుని కంట్రోల్ రూముకు నడిచాడు. వదిన కళ్లు తుడుచుకుని, తరవాతి హబ్బు బిగించమంది.