సీటు కింద కొబ్బరికాయ

2022 డిసెంబరు. ఒడిశా బరంపురంలో నేను కార్ల గ్యారేజీ పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఊళ్ళో కార్ల పిచ్చి ఉన్న పాతికమంది కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. బజార్లో మూడో గేరు పడటమే గగనం కాబట్టి, ఏడాదికోసారి ఊరి బయట మూతబడిన ఓ ఫ్యాక్టరీ ఆవరణ అద్దెకు తీసుకుని, కాంక్రీటు రోడ్డు మీద కోన్లు పెట్టి, మనసు తీరా తోలుకునేవారు. దాన్ని ట్రాక్ డే అంటారు. పోటీ కాదు, బహుమతులుండవు. పొద్దున సభ్యులు తోలుకుంటారు. మధ్యాహ్నం ఫ్యామిలీ ల్యాప్, అంటే ఇంట్లోవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రౌండ్లు.

అక్కడ నా పని స్క్రూటినీ. ట్రాక్ మీదికి వెళ్ళే ప్రతి కారునూ ముందు నేను చూడాలి. చక్రాల నట్లు, టైర్లు, బ్రేక్ ఫ్లూయిడ్, సీటు బెల్టులు చూస్తాను. చివర్న కారులో కదిలే వస్తువు ఏదున్నా తీయిస్తాను. నీళ్ళ సీసా, గొడుగు, పిల్లల బొమ్మ, ఏదీ ఉండకూడదు. వేగంగా మలుపు తిరిగితే అవి ఎక్కడికి దొర్లుతాయో చెప్పలేం. అన్నీ సరిగ్గా ఉంటే అద్దం మీద పచ్చ స్టిక్కరు అంటిస్తాను. అది లేనిదే గేటు దగ్గర ఎవరినీ వదలరు.

ఆ రోజు క్లబ్బు సభ్యుడు దానేశు కుటుంబమంతా వచ్చింది. వాళ్ళది చమఖండి. తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన ఇల్లు. దానేశు మాత్రం బరంపురానికి చేపల వ్యాపారం తెచ్చి నిలదొక్కుకున్నాడు. వెంట తల్లి పోలమ్మ, భార్య రత్నం. రత్నానికి ఆ నెలలోనే లైసెన్సు వచ్చింది. భర్త రౌండ్లు అయ్యాక చివరి రౌండు తనే తోలాలని ఆవిడ ముచ్చట. "నాను తోలితే మీ అందరూ పక్కకి తప్పుకోవాల" అని నవ్వుతూ నాకు ముందే చెప్పింది.

కారులో గేరు పక్కన, ఎర్రగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ ఉంది. తీయబోయాను.

పోలమ్మ అడ్డొచ్చింది. "అది గంగమ్మ కాయ, మిస్త్రీ బాబూ. బోటు సముద్రంలోకి ఎల్లినప్పుడు కాయెట్టి పంపుతాం. ఒడ్డుకొచ్చీదాకా తియ్యకూడదు. ఈ బండికీ అంతే."

"దొర్లుతుందమ్మా, ప్రమాదం" అన్నాను.

"అమ్మోరే ప్రమాదమైతే ఇంక దిక్కెవులు?" అంది పెద్దావిడ. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

వెనకాల ఆరు కార్లు హారన్లు కొడుతున్నాయి. నేనూ కొబ్బరికాయ కొట్టందే గ్యారేజీ షట్టరు ఎత్తనివాణ్ణే. ఇక పట్టుబట్టలేదు. మధ్యేమార్గంగా ఆ కాయను నా చేత్తోనే డ్రైవరు సీటు కిందకు తోసి, కదలకుండా వేస్టు గుడ్డ కుక్కాను. స్టిక్కరు అంటించాను. ఎంత తెలివైన పని చేశానో అనుకున్నాను కూడా.

పొద్దుటి రౌండ్లలో ఏమీ కాలేదు. ఆ కుదుపులకు గుడ్డ ఎప్పుడు జారిందో తెలియదు. మధ్యాహ్నం రత్నాన్ని ఎడమవైపు కూర్చోబెట్టుకుని దానేశు బయలుదేరాడు. మూడో రౌండులో తిన్నటి రోడ్డు చివర మలుపు వచ్చింది. అక్కడ బ్రేకు లైటు వెలగాలి. వెలగలేదు. దానేశు హ్యాండ్ బ్రేకు లాగినట్టున్నాడు, కారు గిర్రున తిరిగి ఎడమ పక్కతో వెళ్ళి గోడను కొట్టింది.

అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. రత్నం స్పృహలోనే ఉంది. "నా కాళ్ళున్నాయేటి? సూడండి అన్నయ్యా, నాకు తెలవడం లేదు" అంది. కాళ్ళు ఉన్నాయి. వాటి మీద చిన్న గీత కూడా లేదు.

అంబులెన్సులోకి ఎక్కించే హడావుడిలో నేను డ్రైవరు వైపు తలుపులోంచి చూశాను. బ్రేకు పెడలు కింద ఎర్రగుడ్డ. కాయ అక్కడ ఇరుక్కుని పెడలును కిందికి పోనివ్వలేదు. ఎవరూ చూడకముందే దాన్ని లాగి నా టూల్ బాక్సులో వేసి మూత పెట్టాను. సిగ్గులేని పని చేశాను, అంతే.

బ్రేకులు పరీక్షిస్తే చక్కగా పనిచేస్తున్నాయి. దాంతో దానేశు కంగారులో బ్రేకు బదులు యాక్సిలరేటరు తొక్కాడని క్లబ్బులో అందరూ అనుకున్నారు. పోనుపోనూ అతనూ అదే నమ్మాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. రత్నం వెన్నెముక దెబ్బతింది, నడుము కింద స్పర్శ రాదని భువనేశ్వర్ డాక్టర్లు చెప్పేశారు.

రెండు నెలల తర్వాత దానేశు తాళంచెవి పట్టుకుని గ్యారేజీకి వచ్చాడు. "ఈ బండిని ఎవులికన్నా ఇచ్చీ, మిస్త్రీ. నాను మరి బండి ముట్టను. నా కాలే నా పెళ్ళాన్ని మంచాన పడేసింది" అన్నాడు. ఆ కాలి వంకే చూస్తూ అన్నాడు. చెప్పేద్దామనుకుంటూనే తాళంచెవి అందుకున్నాను. మర్నాడు పొద్దున్నే చమఖండి వెళ్ళాను.

ముగ్గురి ముందూ నిలబడి అంతా చెప్పాను. కాయను సీటు కిందకు తోసింది, పెడలు కింద చూసింది, దాచేసింది. దానేశు నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. లేచి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. పోలమ్మ నేల మీద కూలబడి తల బాదుకుంది. "నువ్వు తీత్తానన్నావు బాబూ. నానే ఒద్దన్నాను. నా కోడల్ని నానే తినేసినాను." ఒక మనిషి మోస్తున్న బరువు దించుదామని వెళ్ళి, ఇంకో మనిషి నెత్తిన పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

రత్నం మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. ఏడవలేదు.

"మా అత్త దేనికైనా ముందు ఒద్దంటాది అన్నయ్యా" అంది. "నాను డ్రైవింగు నేర్సుకుంటానంటే ఒద్దంది. మళ్ళీ గట్టిగా అడిగినాను. సరే ఎల్లు అంది. నువ్వూ ఇంకోపాలి గట్టిగా సెప్పుంటే ఇనీది."



క్లబ్బు ఆ ఏడాదితో మూతపడింది. గ్యారేజీ నడుస్తూనే ఉంది. స్క్రూటినీ అంటే నట్లు, బ్రేకులు చూడటమని అన్నాళ్ళూ అనుకున్నాను. అవి ఎవరైనా చూడగలరు. పెద్దవాళ్ళు బతిమాలినా, దేవుడి పేరు చెప్పినా, వెనక హారన్లు మోగినా రెండోసారి కాదనగలిగే మనిషి ఒకడు అక్కడ ఉండాలనే నన్ను నిలబెట్టారు. నేను ఒకసారే అన్నాను.