ఆల్వా కుట్టిన పైన్ చెట్టు

ఐడెల్లా గ్రిండిల్ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాల సీసాను వెలుగుకెత్తి చూసి గాని లోపలికి తీసుకునేది కాదు. మెయిన్ రాష్ట్రంలో, కలప మిల్లు మీద బతికే హాల్డెన్ ఊళ్లో, చర్చి ఆడవాళ్ల బొంత పనికి ఇరవై ఏళ్లుగా ఆమే పెద్ద. ఆమె కళ్లజోడు కింద నెగ్గని కుట్టు బొంతలోకి ఎక్కేది కాదు.

1954లో, ఆకులు రాలే రోజుల్లో, పాస్టరుగారు వేరే ఊరికి వెళ్లిపోతున్నారని ఆయనకో అతుకుల బొంత కుట్టిద్దామనుకున్నారు. ఇంటికో చదరం. చదరానికో పైన్ చెట్టు. ఆకుపచ్చ, తెల్ల గుడ్డల ముక్కోణాలు కలిపితే కొమ్మలు, కింద గోధుమరంగు మాను. ఒక్క ముక్కోణం కొన కుట్టులో మునిగినా చెట్టు గుండు కొట్టించుకున్నట్టుంటుంది.

ఆ బుధవారం ఆల్వా స్ప్రేగ్ చర్చి కింది గదిలోకి వచ్చాడు. నలభై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టినవాడు. ఎడమచేతి వేళ్లు రెండు రంపం పాలయ్యాయి. భార్య లెటీ పోయి ఏడాదిన్నర. "మా ఇంటి చదరం" అని బల్ల మీద పెట్టి, వచ్చినంత త్వరగానూ వెళ్లిపోయాడు.

ఐడెల్లా దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక్క కొనా మొద్దుబారలేదు.

"ఇది లెటీ కుట్టు. పాత పెట్టెలోంచి తీసి తెచ్చాడు!"

"పోనీలే అక్కా, ఇంటి చదరమేగా" అంది చెల్లెలు బ్లాంచ్.

"ఆ కుట్టు చీకట్లో తడిమి చెప్పగలనే నేను. జిల్లా సంత బొంతల పోటీలో మూడేళ్లు వరసగా నాకు రావలసిన మొదటి బహుమతి, ఆ నీలి రిబ్బను, ఎగరేసుకుపోయింది ఆ కుట్టేగా!"

చదరాన్ని తిరగేసి, మళ్లీ కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుంది. తెల్ల చుక్కల ఆకుపచ్చ గుడ్డ. అది కొట్లోకి వచ్చింది మొన్న ఎండాకాలంలో. తనూ రెండు గజాలు కొంది. లెటీ అప్పటికే మట్టిలో ఉంది.

"అయితే ఆ ఇంటికి ఎవత్తో వస్తోంది."

"ఆల్వా దగ్గరికా? రాత్రంతా అతని దగ్గు వినడానికా?" బ్లాంచ్ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఐడెల్లాకు నవ్వు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం బెల్లప్పాకం వేసిన నల్లరొట్టె గుడ్డలో చుట్టుకుని ఆల్వా ఇంటికి బయల్దేరింది. పొగగొట్టం చూసింది. కిటికీ తెర చూసింది. చిరుగు కొత్తగా కుట్టి ఉంది. ఆమె అనుమానం ఇంకో మెట్టెక్కింది.

"రొట్టె తెచ్చాను."

"నలభై ఏళ్లలో ఇదే మొదలు. ఎవరు పోయారు?" అన్నాడు ఆల్వా తలుపు తీస్తూ.

ఆమె కళ్లు అప్పటికే వంటగదంతా చుట్టొచ్చాయి. "రెండు కప్పులున్నాయే బల్ల మీద?"

"ఒకటి నాది. రెండోది గుండుసూదులది."

వంగి చూసింది. గుండుసూదులే. అయినా మనసు కుదుటపడలేదు.

"ఆ చదరం ఎవరు కుట్టారు, ఆల్వా?"

"నేనే."

"ఆ చేత్తోనా?"

"వేరే చెయ్యి ఎక్కణ్ణించి తేను?"

"అయితే నా ఎదురుగా కుట్టు."

ఆల్వా చేతులు కడుక్కున్నాడు. కిటికీ పక్కన కూర్చుని కళ్లజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు. గుడ్డను మొండివేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుంటే పట్టుకారు పట్టినట్టుంది. మూడు కుట్లు ముందుకి, నాలుగోది ఒక అడుగు వెనక్కి. మళ్లీ మూడు ముందుకి.

ఐడెల్లా అతని చేతి మీదికి వంగింది. ఆ వెనకడుగు ఆమెకు తెలుసు. లెటీ రిబ్బను బొంతల మీద ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని గంటలకొద్దీ వెతికినప్పుడు చూసింది.

"ఇది... లెటీ కుట్టేగా?"

"లెటీ చేతులు కీళ్లవాతంతో ముడుచుకుపోయాక నేర్పింది. రంగులు తను ఎంచేది, ఎక్కడ కత్తిరించాలో తను చెప్పేది. కుట్టు నాది. వంకర పోతే చెంచాతో మణికట్టు మీద ఒక్కటిచ్చేది."

"మరి రిబ్బన్లు?"

"మూడూ నా కుట్టే. ఎవరికీ చెప్పొద్దంది, అందులోనూ నీకు. 'నా మీద ఓడితే ఐడెల్లా ఒక చలికాలం మూతి ముడుచుకుంటుంది. నీ మీద ఓడానని తెలిస్తే మంచం పడుతుంది' అనేది."

ఐడెల్లా లేచి ఇంటికొచ్చింది. ఎవరు కుడితే వాళ్ల పేరే రాయాలన్నది సంతవాళ్ల నియమం. ఒక్క ఉత్తరం ముక్క రాస్తే చాలు, ఆ మూడు రిబ్బన్లూ రద్దయిపోతాయి. కాగితం తీసింది, కలం తీసింది. రాయబోతుంటే లెటీ గుర్తొచ్చింది. ఆ మూడేళ్లూ ఆవిడ చర్చిలో ఎవరితోనూ చెయ్యి కలిపేది కాదు, చేతులెప్పుడూ శాలువా కిందే. రిబ్బన్లొచ్చాక కళ్లు నెత్తికెక్కాయని ఊరంతా చాటింది తనే. ఐడెల్లా కలానికి మూత పెట్టింది. కాగితాన్ని సొరుగులోకి తోసేసింది.

"ఎవరక్కా, ఆల్వా ఇంటికొచ్చే ఆవిడ?" అని బ్లాంచ్ అడిగింది.

"ఎవరూ లేరు. అతనే కుట్టాడు. కళ్లారా చూశాను" అంది. అంతకుమించి చెప్పలేదు.

పై గురువారం తన చదరాన్ని కోటు లోపల దాచుకుని మళ్లీ ఆల్వా ఇంటికి వెళ్లింది. ఆమె చెట్టుకు రెండు కొనలు మొద్దుబారాయి. ఆల్వా దాన్ని వెలుగులో పట్టుకుని చూశాడు.

"అంచు దగ్గర పావంగుళం వదలాలి. నువ్వు కోసేశావు."

"అంతేనా?"

"అంతే."

"ఇంకేదో ఉంది. నువ్వు చెప్పడం లేదు."

"ఉంటే లెటీ నాకు నేర్పకుండా పోయేదా? కూర్చో. ముందా కుట్టు విప్పు."

ఐడెల్లా కూర్చుంది. ఒక్కొక్క కుట్టూ విప్పుతూ, మధ్యమధ్య అతని వేళ్లకేసి ఓరగా చూస్తూ, పొద్దువాలేదాకా అక్కడే ఉంది.