మావయ్య గారి బరువుతో అలైన్‌మెంటు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి మేమిద్దరం ఒకే పొద్దున బయల్దేరాం. నేను కార్లో, మా మావయ్య గారు, అంటే మా ఆయన నాన్నగారు, రైల్లో. కార్లో నాలుగు సీట్లు ఖాళీగానే ఉన్నాయి. అయినా ఆయన ఎక్కనన్నారు.

అలా అనడానికి కారణం ఉంది. నేను ఏలూరులో మెకానికల్ డిప్లొమా విద్యార్థులకి పాఠాలు చెబుతాను. నా జీతంతో, నా ఇష్టం కొద్దీ కొనుక్కున్న పాత స్పోర్ట్స్ సెడాన్ అది. మలుపుల్లో ఒరగకుండా రోడ్డుని కరుచుకుని పోవాలని పొట్టి స్ప్రింగులు వేయించి కిందికి దింపించాను. కారు కిందికి దిగితే చక్రాలు నిలబడే తీరు, చూసే దిక్కు రెండూ మారిపోతాయి. వాటిని మళ్లీ సరిచేయడమే వీల్ అలైన్‌మెంట్. ఏలూరులో రెండుసార్లు చేయించాను. రెండుసార్లూ అంతా సరిగ్గానే ఉందని స్క్రీన్ మీద ఆకుపచ్చ గీతలు చూపించి పంపించారు. అయినా కారు కుడికి లాగడం మానలేదు.

కిందటి నెలలో మావయ్య గారిని కళ్ల డాక్టరుకి చూపించి వాళ్ల ఊరు ముదినేపల్లిలో దిగబెట్టడానికి కొల్లేటి రోడ్డు మీదుగా వెళుతుంటే ముందు ఎడమ టైరు పేలింది. కారు రోడ్డు దిగి చేపల చెరువు అంచుకి వచ్చి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. టైరు బయటి నుంచి కొత్తదానిలా ఉంది కానీ లోపలి అంచు తీగలు బయటపడేదాకా అరిగిపోయింది.  మావయ్య గారు సీటులోంచి కష్టపడి లేచి, పంచె దులుపుకుని, దారిన పోయే ఆటో ఆపి వెళ్లిపోయారు. ఆయన తిట్టినా బాగుండేది.

"ఆ స్ప్రింగులు పీకించి కంపెనీవి వేయించెయ్. లేదంటే అమ్మేద్దాం" అన్నారు మా ఆయన.

"ఒక్కసారి దగ్గరుండి సరిగ్గా చేయిస్తానండి. అప్పటికీ కుదరకపోతే మీరన్నట్టే" అన్నాను.

నాకు నమ్మకం ఉంది. ఏలూరులో ఖాళీ కారుకి కొలతలు తీశారు. నేను నడిపేది మనుషులు కూర్చున్న కారు. బరువు పడితే అది ఇంకా దిగుతుంది, చక్రాలు ఇంకాస్త లోపలికి వాలతాయి. అందుకని ఈసారి పక్క సీటులో బియ్యం బస్తా పెట్టి చేయిద్దామనుకుని, ఒక బస్తా పంపమని ముదినేపల్లికి ఫోన్ చేశాను.

"బస్తా ఎందుకమ్మా, నేనొచ్చి కూర్చుంటాను. బాగుపడిందో లేదో బస్తా చెప్పలేదు కదా" అన్నారు మావయ్య గారు. మళ్లీ తనే, "గూడెం దాకా మాత్రం రైల్లోనే వస్తాను" అన్నారు.

శుక్రవారం సాయంత్రమే బస్సులో ఏలూరు మా ఇంటికి వచ్చారు. రెండో శనివారం పొద్దున ఆరున్నరకి ఆయన ఆటోలో స్టేషనుకి వెళ్లారు, నేను హైవే ఎక్కాను. వెనక డిక్కీలో రెండు తాటి పలకలు వేసుకున్నాను. ఇంత కిందికి ఉన్న కారు అలైన్‌మెంట్ షాపులో లిఫ్టు ఎక్కాలంటే ముందు బంపరు గీసుకుంటుంది. పలకలు వేస్తే వాలు తగ్గుతుంది. ఇలాంటి కారుతో వెళ్లేవాళ్లెవరైనా ఇవి తీసుకెళ్లడం మంచిది.

స్టీరింగు కాస్త ఎడమకి వంచి పట్టుకుంటేనే కారు తిన్నగా పోతోంది. వదిలితే డివైడరు వైపు జరుగుతోంది. నా సీటులోంచి చూస్తే పక్కన పోయే లారీ చక్రాల నట్లు నా కళ్లకి ఎదురుగా తిరుగుతుంటాయి. భీమడోలులో ఇడ్లీ తిని టీ తాగాను. ఉంగుటూరు టోల్ గేటు దగ్గర పక్క వరుసలోని లారీ డ్రైవరు కిందికి వంగి, "ఏవండీ, స్ప్రింగులు విరిగిపోయాయాండీ?" అని అడిగాడు. కావాలనే దింపించానని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు.

గూడెం స్టేషను బయట మావయ్య గారు నా కంటే ముందే వచ్చి నిలబడి ఉన్నారు. రైల్లో కిటికీ పక్క సీటు దొరికిందట, పెదతాడేపల్లి వాళ్లెవరో మాటల్లో పడ్డారట. సంతోషంగా ఉన్నారు. షాపు ఊరి చివర ఉంది. "ఇప్పుడైనా ఎక్కుతారా?" అన్నాను. "నువ్వు పదమ్మా, నీ వెనకే వస్తాను" అని ఆటో పిలిచారు. నేను ముందు, ఆయన ఆటోలో వెనక. అలా వెళ్లాం.

షాపు దగ్గర ఆటో దిగి ఆయన సూటిగా నా దగ్గరికి వచ్చారు.

"అమ్మా, నీ బండి తిన్నగా పోవట్లేదు."

"తెలుసు మావయ్య గారూ, కుడికి లాగుతోంది."

"లాగడం కాదు. నువ్వు రోడ్డుకి తిన్నగానే పోతున్నావు. బండి మాత్రం ఒక వారగా పోతోంది. వెనక నుంచి చూస్తుంటే నాకు ఎడమ పక్క డోర్లు కూడా కనిపిస్తున్నాయి. వెనక చక్రాలు ఎటో చూస్తున్నాయమ్మా."

నేను ఇన్నాళ్లూ ముందు చక్రాల గురించే ఆలోచించాను. పేలింది ముందు టైరు కాబట్టి బుర్ర అక్కడే ఆగిపోయింది. నడిపేవాళ్లకి తమ కారు వెనక నుంచి ఎలా కనిపిస్తుందో తెలిసే దారి లేదు. ఆయన అలిగి ఆటోలో రావడం నాకు మేలే చేసింది.

షాపు యజమాని సత్తిబాబు గారు మాటకారి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ముందు చక్రాలు సరిచేస్తే చాలండి మేడం. వెనకవి ఎవరూ చేయించరండి" అన్నారు.

"మీరు నాలుగూ కొలవండి. మేమిద్దరం కార్లోనే కూర్చుంటాం."

"లిఫ్టు మీదాండీ?"

"అవునండీ. మా బరువుతోనే కొలవాలి."

ఆయన మావయ్య గారి వంక చూశారు. మావయ్య గారు అప్పటికే తల వంచి సీటులోకి దిగుతున్నారు. నెల రోజుల తర్వాత మళ్లీ ఆ సీటులో కూర్చున్నారు, అయితే కారు కదలని చోట.

నాలుగు టైర్లలో గాలి సమానం చేసి, పలకల మీదుగా కారు ఎక్కించాం. చక్రాలకి కొలతలు తీసే అద్దాలు బిగించి లిఫ్టు లేపారు. ఎదురుగా గోడ మీది స్క్రీన్ మాకు బాగా కనిపిస్తోంది. వెనక ఎడమ చక్రం గడి ఎర్రగా ఉంది. మనిషి పాదం బయటికి తిప్పి నడిచినట్టు ఆ చక్రం బయటికి చూస్తోంది. ముందు ఎడమ చక్రం పైభాగం లోపలికి ఉండాల్సిన దానికంటే ఎక్కువ వాలి ఉంది. మావయ్య గారు కిటికీలోంచి కిందికి తొంగిచూస్తే స్క్రీన్ మీద అంకె కదిలింది. మళ్లీ వెనక్కి వాలి చూశారు. మళ్లీ కదిలింది.

"నేను వంగితే అంకె మారుతోందమ్మా" అన్నారు ముచ్చటగా.

"కదలకండి బాబాయ్ గారూ" అని కింద నుంచి సత్తిబాబు గారి గొంతు.

నాకు ఒక అనుమానం వచ్చింది. టేపుతో చక్రం మధ్య నుంచి పైన రేకు అంచు దాకా నాలుగు పక్కలా కొలవమన్నాను. వెనక ఎడమ వైపు వేలి మందం ఎత్తుగా ఉంది. స్ప్రింగులు మార్చినవాళ్లు చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేసి ఉంటారు. అలా బిగిస్తే కీళ్లలో ఉండే రబ్బరు బుష్షులు మెలిపడి, కారుని ఆ పక్క పూర్తిగా దిగనివ్వవు. ఆ ఎత్తు మీద ఎన్ని కొలతలు సరిచేసినా నిలవవు.

"ఆ బోల్టులన్నీ వదులు చేసి, బరువు మీద ఉండగానే మళ్లీ బిగించాలండి" అన్నాను.

సత్తిబాబు గారు చేతులు తుడుచుకుంటూ ఆలోచించారు. "మధ్యాహ్నం దాటిపోతుందండి."

"దాటనివ్వండి."

"అయితే భోజనం చేసి రండి. మెషీను ఎక్కిన బండి వంకరగా దిగితే నాకు మాత్రం బాగుంటుందాండీ" అన్నారాయన.

పక్కనే మెస్సులో భోజనం చేశాం. గోంగూర పచ్చడి బాగుంది, సాంబారు పలచన. మావయ్య గారు పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండా అన్నారు: "ఆరోజు నేను ఆటో ఎక్కి వెళ్లిపోయింది కోపంతో కాదమ్మా. కాళ్లు వణుకుతున్నాయి. నీ ముందు వణకడం ఇష్టం లేకపోయింది."

 "నాకూ వణికాయండీ" అన్నాను. ఆయన తలూపి పెరుగు ఇంకొంచెం వేయించుకున్నారు.

తిరిగి వచ్చి మళ్లీ కార్లో కూర్చున్నాం. బోల్టులు వదులు చేయగానే వెనక ఎడమ పక్క మెల్లగా కిందికి దిగడం నడుముకి తెలిసింది. నాలుగు మూలలా ఎత్తు సమానమయ్యాక బిగించారు. తర్వాత వరుస తప్పకుండా చేయించాను. మొదట వెనక చక్రాల దిక్కు. ఆ తర్వాత, వాలు మార్చుకునే వీలు కోసం నేను వెంట తీసుకెళ్లిన ప్రత్యేకమైన బోల్టులు వేసి ముందు చక్రాల వాలు. చివరికి స్టీరింగు తిన్నగా పెట్టి, కదలకుండా బిగించి ముందు చక్రాల దిక్కు. ఈ వరుస మారితే చేసిన పనే మళ్లీ చేయాలి. స్క్రీన్ మీద వచ్చింది కంపెనీ అంకె కాదు. ఈ ఎత్తుకి, ఈ ఇద్దరు మనుషులకి సరిపోయిన అంకె.

నాలుగు దాటాక బైపాసు మీద ఒక చుట్టు నడిపి చూశాను. చేతులు తేలిక చేసినా కారు గీత గీసినట్టు పోయింది. సత్తిబాబు గారు వెనక స్కూటర్ మీద వచ్చి చూసి, బొటనవేలు పైకెత్తారు. షాపు ముందు ఆపితే మావయ్య గారు డోరు తీసుకుని కూర్చుని, ఏమీ అడక్కుండా బెల్టు పెట్టుకున్నారు.

గణపవరం, ఆకివీడు మీదుగా బయల్దేరాం. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు. ముందు పోయే చేపల లారీ నీళ్లు కారుస్తూ పోతుంటే రోడ్డు తడిసి మెరుస్తోంది. ఆ తడి మీద కూడా కారు పక్కకి జరగలేదు. గుంటలు వస్తే మావయ్య గారు ముందే చెబుతున్నారు. స్పీడు బ్రేకర్లు నేను ఏటవాలుగా ఎక్కిస్తుంటే, "ఇంకొంచెం కుడికి కొయ్యమ్మా" అంటున్నారు. ఉప్పుటేరు వంతెన దాటాక కైకలూరు వైపు గూడబాతులు గుంపుగా దిగుతున్నాయి. ఆయన మెడ తిప్పి వాటినే చూస్తున్నారు. చెయ్యి డోరు పిడి మీద లేదు, ఒళ్లో ఉంది.

కారు దింపుకుందామనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. దింపడం సగం పనే. రెండో సగానికి ఒక రోజు పూర్తిగా పెట్టండి. రోజూ మీ పక్కన కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు వెనక నుంచి కూడా ఒకసారి చూస్తే ఇంకా మంచిది.

చీకటి పడబోతుండగా ముదినేపల్లి చేరాం. వాళ్ల ఇంటి వీధి మలుపు దగ్గర ఇండికేటరు వేశాను. మావయ్య గారు ముందుకి వంగి రోడ్డు వంక చూశారు.

"తిప్పకమ్మా. తిన్నగా పోనీ. గుడివాడ వెళ్లి టీ తాగి వద్దాం."