జానెడు తోలు

ఒర లేని కత్తి కంటబడితే మా దామోదరసామి మామకు అన్నం సహించేది కాదు. పదిమందిలో కూర్చున్నా సరే, ఎవరి మొలలోనో ఉత్త కత్తి తళుక్కుమంటే చాలు, మాట సగంలో వదిలేసి లేచేవాడు. కత్తి అడిగి పుచ్చుకుని, వేళ్లతో పొడవు కొలిచి, అంచు మీద బొటనవేలు ఆనించి, ఆ మనిషిని ఎగాదిగా చూసేవాడు.

"నువ్వేమో పంచె కట్టుకొని తిరగతావు. దీనికి గోచీ అన్నా వద్దా రా?"

అంతే, ఆ కత్తి మామ సంచిలోకి వెళ్లిపోయేది. మళ్లీ అది సొంతదారుడికి దక్కేది మామ దానికి తోలు ఒర కుట్టిన తర్వాతే. కుట్టినందుకు ఏమీ పుచ్చుకునేవాడు కాదు. కానీ ఎప్పుడు కుడతాడంటే, మంచి తోలు దొరికినప్పుడు. మంచి తోలు ఎప్పుడు దొరుకుతుందంటే, అది దేవుడికీ మామకీ మధ్య వ్యవహారం.

మా ఊరు విళాత్తికుళం వెళ్లే దారిలో ఉంది. నల్లరేగడి నేల, వాన పడితే పత్తి, మిరప, సజ్జ. మామ అక్కడ కలిగిన రైతు. నేను ఆయన అక్క కొడుకును, కోవిల్‌పట్టిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. నేను చెప్పేది పందొమ్మిది వందల ముప్పై మూడు ప్రాంతం మాట. ఊళ్లో ఆయన్ని అందరూ "ఒర మామ" అనే పిలిచేవారు. వరసకు అన్నలయ్యేవాళ్లు కూడా మామ అనే అనేవారు.

ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావికి తోలుతొండం కుట్టే సుడలైమాడన్ పక్కన కూర్చుని మామ ఈ పని నేర్చుకున్నాడు. నాయుడై పుట్టి తోలు ముట్టుకోవడమేమిటని ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. మామ తాపీగా వాళ్ల కాళ్లవైపు చూశాడు.

"మీ కాళ్లకి ఉండేది ఏంది? అరిటాకా?"

పంచాయితీ ముగిసింది. ఇంట్లో తాయమ్మాళ్ అత్త దగ్గర మాత్రం ఈ ఎత్తులు సాగలేదు. తోలు ముట్టుకుంటే నీళ్లు పోసుకోనిదే ఆవిడ గడప తొక్కనిచ్చేది కాదు. కొట్టంలో పని చేసుకునే మామ మజ్జిగకని, మైనానికని, దారానికని మాటిమాటికీ లేచి వస్తూనే ఉండేవాడు. ఆ లెక్కన మా వంశంలో అంత మడిగా బతికినవాడు ఇంకొకడు లేడు.

"తోలు నానబెట్టేదానికి నీళ్లు, నువ్వు పోసుకొనేదానికి నీళ్లు. ఎద్దులు ఏం తాగాల?" అని అత్త గొణుగుతూ ఉండేది.

మా వీధిలో పాపమ్మాళ్ అనే ఆవిడ కూతురి పెళ్లి ఊరు ఇప్పటికీ మరిచిపోలేదు. పందిట్లో గుమ్మడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి, వంటవాళ్లు వచ్చి కూర్చున్నారు, కొయ్యడానికి ఊళ్లో కత్తి లేదు. వాడుకలో ఉన్న మంచి కత్తులన్నీ మామ కొట్టంలో తోలు కోసం తపస్సు చేస్తున్నాయి. అవన్నా ఇవ్వమంటే, ఒర లేకుండా గడప దాటనివ్వనని మామ తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. చివరికి గుమ్మడికాయల్ని రోటికేసి బాది పగలగొట్టారు. మామ ఆ సాంబారే రెండోసారి వడ్డించుకుని, "చూస్తివా, కత్తి తగలనందుకు రుచి ఎట్ల ఉండాదో" అన్నాడు.

తోలుకు విరుదుపట్టి వెళ్లాలి. పేరు విరుదునగర్ అని మారి ఏళ్లు గడిచినా మామ నోట అది విరుదుపట్టే. నాకు సెలవు దొరికినప్పుడల్లా మామ కోవిల్‌పట్టిలో దిగబడి నన్ను రైలెక్కించేవాడు. అక్కడ మీరాన్ రావుత్తర్ అని తోళ్ల వ్యాపారి. ఆయన గోడౌన్లో తోళ్లు కప్పు ఎత్తున పేర్చి ఉండేవి. అవన్నీ కట్టలు కట్టలుగా మద్రాసు పోయి ఓడెక్కే సరుకు. మేము మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన లేచి మర్యాదగా పలకరించాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది తమిళంలోనే.

"ఎంత కావాలి అయ్యా?"

"జానెడు."

"జానెడు ఎత్తు కట్టా?"

"జానెడు తోలు."

రావుత్తర్ నావైపు చూశాడు. నేను కప్పువైపు చూశాను.

ఆ జానెడైనా ఏదో ఒకటి ఇస్తే తీసుకునే మనిషా? ముందు వాసన చూడాలి, తోలు పదును చేసే తంగేడు పట్ట వాసన రావాలి. మడిచి చూడాలి, మడత దగ్గర చిట్లకూడదు. ఆ తర్వాత అంచు కోసి వెలుతురుకు పెట్టి చూడాలి. తంగేడు పట్ట లోపలిదాకా పట్టిన తోలైతే కోసిన చోట అంతా ఒకే రంగు ఉంటుంది. పట్టకపోతే నడిమధ్య తెల్లటి గీత కనిపిస్తుంది. అంటే లోపల ఇంకా పచ్చిచర్మమేనన్నమాట. ఆ తెల్లగీత కనబడిందంటే మామ తేలు కుట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఇవన్నీ దాటినా పొట్టవైపు తోలు సాగుతుంది, పనికిరాదు. వెన్ను మీది తోలే కావాలి, అదీ సరిగ్గా మధ్యలోంచి.

"పెళ్లికూతురి ముక్కు ఒక్కటీ కోసి ఇమ్మన్నట్టుంది అయ్యా మీరడిగేది," అని రావుత్తర్ మొత్తుకునేవాడు. "ఆ తర్వాత ఆ పిల్లను ఎవరికి కట్టబెట్టను?"

అయినా మామంటే ఆయనకు ఇష్టమే. కాఫీ తెప్పించేవాడు. మేము తాగేవాళ్లం, తోళ్లన్నీ తిరగేసేవాళ్లం, చాలాసార్లు ఉత్త సంచితోనే రైలెక్కేవాళ్లం. నా సెలవులన్నీ ఇలా తోళ్ల వాసన మధ్యే గడిచిపోయాయి.

ఇంతలో ఊళ్లో రంగసామి, చెల్లదురైల గొడవ వచ్చింది. ఇద్దరూ అన్నదమ్ములు, రంగసామి పెద్దవాడు. తండ్రి పోయాక ఆస్తి పంచుకున్నారు. గింజ కూడా తేడా రాకూడదని పట్టుబట్టి, ఆయన ప్రాణంగా పెంచిన ఎద్దుల జతను కూడా చెరొకటీ తీసుకున్నారు. ఎడమపక్క కట్టే దాపటి ఎద్దు అన్నకు, కుడిపక్క కట్టే వలపటి ఎద్దు తమ్ముడికి. ధర్మంగా పంచుకున్నామని ఇద్దరూ మీసం తిప్పారు. వాన పడ్డాక తెలిసింది, ఒంటి ఎద్దుతో నాగలి కదలదని. దాపటి ఎద్దును వలపట కడితే అది అడుగు వెయ్యదు. పోయి అడగడానికి ఇద్దరికీ నామోషీ.

ఒకరోజు తెల్లవారకముందే చెల్లదురై అన్న కొట్టంలోంచి ఎద్దును విప్పుకుపోయి తన చేను దున్నేసుకున్నాడు. రంగసామికి తెలిసింది. వేటకొడవలి తీసుకుని వీధిలోకి వచ్చాడు.

"వాణ్ణి నరకకపోతే నేను మా నాయనకు పుట్టల్యా!"

ఆడవాళ్లు ఏడుపులు అందుకున్నారు. మగవాళ్లు దగ్గరికి పోలేక దూరంగా నిలబడ్డారు. రంగసామి మాట మీద నిలబడే మనిషి, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అప్పుడు మామ తువ్వాలు దులుపుకుంటూ వెళ్లి అతని ముందు నిలబడ్డాడు.

"అరువా నల్ల అరువా రా రంగసామీ. దీనికి ఒర ఏదీ?" అన్నాడు. అరువా అంటే కొడవలి, నల్ల అంటే మంచిది; మా ఊరి తెలుగులో అరవం అలా కలిసిపోతుంది.

ఒర మామ చెయ్యి చాపితే కత్తి ఇచ్చెయ్యడం ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. రంగసామి చెయ్యి కూడా దానంతటదే కొడవలి ఇచ్చేసింది. ఇచ్చాక అతను తన ఉత్త చేతిని చూసుకుని తెల్లబోయాడు.

ఆ తర్వాత మామకు తోలు దొరకలేదు. రంగసామి రోజూ వచ్చి అడుగుతాడు, మామ రోజూ పెదవి విరుస్తాడు. "పొట్ట తోలు ఉండాది రా, వెన్ను తోలు రాల్యా." ఇంకొకరోజు, "వచ్చింది, వాసన బాగల్యా." నేను మామ చాదస్తం ముదిరిందనుకున్నాను.

ఆయుధపూజ దగ్గరపడింది, నేను సెలవు మీద ఊళ్లోనే ఉన్నాను. పనిముట్లన్నీ ఇంట్లో పెట్టి పూజించుకునే పండగ. ఆ రోజు ఇంటి కత్తి పరుల ఇంట్లో ఉండకూడదంటారు, కానీ మిగతావాళ్లు మామను కదిలించలేక నాగలికో గునపానికో మొక్కి సరిపెట్టుకునేవారు. రంగసామి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మామా, పూజకు నా అరువా నా ఇంట్లో ఉండాల. ఒర ఉన్నా సరే, లేకున్నా సరే. మరుసటి తెల్లారి దానికి వేలై ఉండాది."

ఏం పనో అడగనక్కర్లేదు. మామ ముఖంలో నెత్తురు లేదు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదలు, నాకూ భయం వేసింది.

"తెచ్చి ఇస్తాను పో," అన్నాడు మామ.

మర్నాడే విరుదుపట్టి వెళ్లాం. రావుత్తర్ అదృష్టమో మా అదృష్టమో, ఆ రోజు లోపలినుంచి ఒక తోలు తీయించాడు. నేనే మురిసిపోయాను. వెన్ను తోలు, తంగేడు వాసన గుప్పున కొడుతోంది, కోసిన అంచు లోపలిదాకా ఒకటే రంగు.

"ఇన్నాళ్లూ ఏడిపించారు కదా," అన్నాడు రావుత్తర్, "ఈ రోజు నా చేత్తో నేనే నడిమధ్య కోసి ఇస్తాను, తీసుకోండి."

మామ ఆ తోలును ఒకసారి ఆప్యాయంగా నిమిరి పక్కన పెట్టాడు. లేచి మూలకు వెళ్లి, పారెయ్యడానికి పడేసిన తుక్కులో వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క ముక్క అంచూ కోసి వెలుతురుకు పెట్టి చూశాడు. చివరికి ఒకటి పట్టుకొచ్చాడు. దాని మధ్య తెల్లగీత వెడల్పుగా ఉంది.

"ఇది ఇవ్వండి."

రావుత్తర్ బిత్తరపోయాడు. "అది పచ్చిచర్మం అయ్యా! తడిపి ఆరబెడితే డప్పులా బిగుసుకుంటుంది. ఒర కాదు, ఉరి అవుతుంది."

"తెలుసు," అన్నాడు మామ.

రైల్లో నేను కోపం ఆపుకోలేకపోయాను. "నా సెలవులన్నీ నమిలేసి చివరికి ఈ చెత్తా మామా? నీ పేరేం కావాల?" అన్నాను. మామ ఆ ముక్కను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చేలవైపు చూస్తూ కూర్చున్నాడు.

పూజనాడు కొడవలి ఒరతో సహా రంగసామి ఇంటికి చేరింది. చూడ్డానికి ఒర లక్షణంగా ఉంది. దానికి చందనం పూసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు. పూజలో పెట్టిన కత్తిని ఆ రోజు కదపరు కాబట్టి ఎవరూ దూసి చూడలేదు.

మర్నాడు పొద్దున సన్నగా తుంపర పడుతోంది. చెల్లదురై విత్తనం అదను పోతుందని ఒకపక్క తన ఎద్దును కట్టి, రెండోపక్క కాడిని తన భుజాన వేసుకుని, భార్య మేడి పడితే దున్నుతున్నాడు. రంగసామి గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. వెనకాల ఊరంతా పరిగెత్తింది. మామ కూడా అంత వయసులో పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు.

రంగసామి పిడి పట్టుకుని కొడవలి దూయబోయాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఒర కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. కాలి కింద వేసి తొక్కి లాగాడు. గట్టు రాతికేసి కొట్టాడు. రాయి కాస్త పెచ్చూడింది. ఒర కొయ్యడానికి ఎవరి దగ్గరైనా కత్తి ఉందా అని వెనక్కి తిరిగి చూస్తే, ఉన్న కత్తులన్నీ మామ దగ్గరే ఉన్నాయి.

చెమటతో, తుంపరతో తడిసి రంగసామి రొప్పుతున్నాడు. ఎదురుగా కాడి మోస్తూ తమ్ముడు అలాగే నిలబడి చూస్తున్నాడు. అన్నకు ఒళ్లు మండింది.

"ఏంది రా సుమ్మా చూస్తుండావు? వచ్చి ఒర పట్టుకో!"

చిన్నప్పటినుంచీ అన్న పట్టుకోమన్నది పట్టుకోవడం తమ్ముడికి అలవాటు. కాడి దించి వచ్చి రెండు చేతులా ఒర పట్టుకున్నాడు. అన్న పిడి పట్టుకున్నాడు. ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. తడిసిన రేగడి ఎవరినీ నిలబడనిస్తుందా? ఇద్దరూ ఒకేసారి జారి చెరోపక్క వెల్లకిలా పడ్డారు. కొడవలి ఒరలోనే ఉంది.

బురదలోంచి చెల్లదురై గొంతు వచ్చింది.

"అన్నా, నన్ను నరికేదానికి నన్నే పట్టుకోమంటివే!"

రంగసామి లేవబోయి, తమ్ముడి నల్లటి ముఖం చూసి, కోపం తెచ్చుకోబోయి, నవ్వేశాడు. ఆ తర్వాత ఎంతసేపు నవ్వారో, అందులో ఎప్పుడు ఏడ్చారో గట్టు మీద ఉన్న మాకు సరిగా తెలియలేదు. ఆ మధ్యాహ్నమే దాపటి ఎద్దు తన పక్కకు తను వచ్చింది. రెండు చేలూ ఒకే జత దున్నింది.

ఊరు మాత్రం మామను ఊరికే వదల్లేదు. "ఇన్నాళ్లూ తోలూ తోలూ అని తిరిగి కుట్టింది ఈ ఒరా?" అని గుమ్మం ముందే నవ్వారు. తన పనిలో ఒక్క కుట్టు వంకర పోతే కూడు మానేసే మనిషి తల వంచుకుని, "తోలు మోసం చేసింది రా" అని అందరికీ ఒకటే మాట చెప్పాడు. నేను ఆయన్ని అడగలేదు. ఆ తెల్లగీత నేనూ చూశాను కదా. 

కొన్నాళ్లకు ఒక సాయంత్రం చెల్లదురై కొట్టంలోకి వచ్చాడు. అటూ ఇటూ చూసి, పంచె చాటునుంచి తన కొడవలి తీసి మామ ముందు పెట్టాడు.

"మామా, నాకూ కోవం ఎక్కువే. దీనికీ అట్లాంటి ఒరే కుట్టు."

మామ అప్పుడు కొడవలి చేతిలోకి తీసుకుని, వేళ్లతో కొలవడం మొదలుపెట్టాడు.

నా సెలవు మళ్లీ పోయింది. రావుత్తర్ ఈసారి తెలివిగా మంచి తోళ్ల జోలికే పోలేదు. తుక్కంతా తెచ్చి మామ ముందు పోసి, కాఫీ తెప్పించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ ఒక ముక్క తీసి వాసన చూశాడు, మడిచాడు, అంచు కోసి వెలుతురుకు పెట్టి పరీక్షగా చూసి, పెదవి విరిచి పక్కన పడేశాడు.

"ఇది చాలినంత చెడ్డగా లేదు రావుత్తర్," అన్నాడు, "ఇంకొకటి చూపించండి."