వేళ్లు పట్టి చూసిన ఓబులమ్మ

కరోనాకు ముందు ఏడాది, ఎండాకాలం. గిద్దలూరు కోర్టుకు దగ్గర్లోనే నా ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, రెండు బీరువాలు, తిరిగీ తిరగని ఒక ఫ్యాను. అప్పటికి ఇరవై ఏళ్లుగా గట్టు తగాదాలు, భాగపంపకాల కేసులు చేస్తున్నాను. డాక్టర్ల మీద కేసులు మాత్రం మా వైపు లాయర్లు ముట్టుకోరు. రేపు ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ గుమ్మమే ఎక్కాలి కదా. ఆ భయం నాకూ ఉండేది.

రాచర్ల వైపు నుంచి ఓబులమ్మ అనే ఆమె కొడుకును వెంటబెట్టుకుని ఆటోలో వచ్చింది. యాభై దాటి ఉంటాయి. గొర్రెలు, మేకలు మేపుకునే కుటుంబం. కొడుకు తిరుపాలుకు పాతికేళ్లు. జీవాలకు మేత కోసం తుమ్మకొమ్మలు నరుకుతూ చెట్టు మీద నుంచి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. కట్టు లోపల కాలు వాచి, కిందికి రక్తం ఆడక, మూడో రోజుకు వేళ్లు నల్లబడ్డాయి. కర్నూలుకు పంపితే అక్కడ కాలు తీసేయక తప్పలేదు.

ఇలాంటివి సాధారణంగా ఒంగోలులో వినియోగదారుల కమిషన్ ముందుకు పోతాయి. అక్కడ చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది. ఆ మాటే చెప్పాను. "ఒంగోలుకు నేను పోయొస్తే జీవాలను ఎవరు తోలుకపోతారు నాయనా?" అంది. సరే, నష్టపరిహారం కోసం గిద్దలూరు కోర్టులోనే దావా వేద్దామన్నాను.

ముందు ఆసుపత్రికి నోటీసు ఇచ్చి కేస్ షీట్ తెప్పించాను. రోగి చేరినప్పటి నుంచి పంపేదాకా ఏ వేళకు ఏం జరిగిందో రాసే కాగితాలే కేస్ షీట్. తల్లీకొడుకులను పిలిపించి చదివి వినిపించాను. మూడు రోజులూ ఒకటే మాట: రోగి బాగానే ఉన్నాడు, వెంట ఉన్నవాళ్లు ఏమీ చెప్పలేదు.

తిరుపాలు తల్లి వైపు తిరిగి, "ఏందమ్మా, కాలు బాగలేదని నర్సమ్మకు చెప్పినా అంటివే?" అన్నాడు. నొప్పి సూదులతో ఆ మూడు రోజులూ వాడు మగతలోనే ఉన్నాడు. తల్లి ఎవరికి చెప్పిందో, చెప్పలేదో వాడికేం తెలుసు? తను మూడుసార్లు చెప్పానంటుంది ఆమె. కాగితం లేదంటోంది. వాడు కాగితాన్నే నమ్మాడు. ఆ రోజు నుంచి తల్లితో మాట మానేశాడు.

దావా వేశాక మొదటి వాయిదాకు ఓబులమ్మ ఒక్కతే వచ్చింది. "పరిహారం దుడ్ల సంగతి నీ ఇష్టం నాయనా. నేను చెప్పినానని కోర్టు రాయాల. అంతే నాకు కావాల్సింది" అంది. నా కేసు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

నేను కాస్త కోపిష్టిని, పైగా సాక్షులను బాగా తయారు చేస్తానని గర్వం. ఆమెను నాలుగు రోజులు కూర్చోబెట్టి చెప్పించాను. మాటల్లో ఒకసారి, తమ మేకల కాళ్లు విరిగితే తనే వెదురుబద్దలు పెట్టి కట్టు కడతానంది. అవతలివాళ్లు రాతమూలకంగా ఇచ్చిన జవాబులో, ముందు ఇంటి దగ్గర నాటు కట్టు కట్టి కాలు చెడగొట్టుకున్నారనే మెలిక అప్పటికే పెట్టి ఉన్నారు. "మేకల సంగతి కోర్టులో ఎత్తావంటే కేసు పోయినట్టే" అని గట్టిగా కసిరాను.

"అడిగితే ఏం చెప్పాల?"

"అడగరులే" అన్నాను. నా తెలివి అంతటిది.

మధ్యలో కరోనా వచ్చి కోర్టులు మూతబడ్డాయి. క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి లాయరు మన సాక్షిని ప్రశ్నించడం, వచ్చేసరికి చాలా కాలం పట్టింది. ఆయన పెద్దాయన, గొంతు మెత్తగా ఉంటుంది, ప్రశ్న మాత్రం సూటిగా దిగుతుంది. నేను భయపడిందే మొదట అడిగాడు. మేకలకు ఇంట్లోనే కట్లు కడతావంట కదా అని. కడతానంది. కొడుక్కీ కట్టావు కదా అన్నాడు. "మనిషికి నాకు చేతగాదు సారూ. చేతనైతే ఆసుపత్రికి ఎందుకు తెస్తా?" అంది. నేను తల దించుకుని ఫైలు తిరగేస్తున్నాను.

"డాక్టరు చదువు చదవలేదు కదమ్మా. కాలు చెడిపోతోందని నీకెట్ల తెలిసింది?" అన్నాడాయన.

ఓబులమ్మ తొందరపడలేదు. "మేకకు కట్టు కట్టినాక పొద్దుగూకేలోపల కట్టు కింద చెయ్యేసి చూస్తాం సారూ. వెచ్చగుంటే వదిలేస్తాం. చల్లగుంటే కట్టు బిగుసుకుందని ఇప్పి మళ్లా కడతాం. మా అత్త నేర్పింది. మావోడికి కట్టేసిన రోజే వేళ్లు పట్టి చూసినా. రెండో కాలు వెచ్చగుండె, ఈ కాలు చల్లగుండె. నర్సమ్మకు చెప్పినా. డూటీ డాక్టరుకు చెప్పినా. మళ్లా నర్సమ్మకు చెప్పినా. కట్టేస్తే అట్లనే ఉంటది పో అనిరి."

జడ్జిగారు ఆమెను ఒకసారి చూసి, టైపు చేసే ఆయనతో, "ఆమె అన్నది అన్నట్టే రాయండి" అన్నారు. ఎదుటి లాయరు ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. నాకు సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి కలిగాయి.

కానీ ఇలాంటి కేసులో తల్లి మాట ఒక్కటే చాలదు. ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ ఉండాలి. అంటే అదే విద్య తెలిసిన మరో డాక్టరు, ఇది తప్పే అని చెప్పాలి. సాటి డాక్టరు మీద చెప్పడానికి ఎవరొస్తారు? నంద్యాలలో ఉండే ఒక రిటైరైన ఎముకల డాక్టరు నన్ను అప్పటికే రెండుసార్లు కాదన్నారు. మూడోసారి నేనేమీ అడగలేదు. ఓబులమ్మ వాంగ్మూలం నకలు తీసి పంపాను, అంతే.

వారానికి ఆయనే ఫోన్ చేశారు. "కట్టేశాక వేళ్లు పట్టి చూడమని పిల్ల డాక్టర్లకు ముప్పై ఏళ్లు చెప్పానయ్యా. ఈవిడకు ఏ కాలేజీలో చెప్పారు? నేను వస్తాను" అన్నారు. వచ్చారు కూడా. కట్టు వేయడంలో తప్పు లేదని, వేశాక చూడకపోవడమే తప్పని, ఆ సాయంత్రమే కట్టు చీల్చి ఉంటే కాలు దక్కేదని నిలబడి చెప్పారు. కేస్ షీట్‌లో మూడు రోజుల రాతా ఒక్క చేత్తో, ఒక్క ఊపులో రాసినట్టుందని కూడా చూపించారు. సాటివాడి మీద నోరు విప్పడం ఆయనకు ఎంత కష్టమో ముఖంలో కనిపించింది. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

తీర్పు రోజు తిరుపాలు కూడా వచ్చాడు, పెట్టుడు కాలు ఈడ్చుకుంటూ. పరిహారం అడిగినంత రాలేదు గాని వచ్చింది. వాడు దాని గురించి అడగలేదు. అమ్మ చెప్పిన సంగతి ఏమని రాశారో అడిగాడు. తీర్పు ఇంగ్లీషులో ఉంది. వరండాలో నిలబడి ఆ వాక్యాన్ని ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. పదో తరగతి దాకా చదివినవాడు, కూడబలుక్కుంటూ పైకే చదివాడు: "కట్టు వేసిన రోజే తల్లి సిబ్బందికి మూడుసార్లు చెప్పిందని ఈ కోర్టు నమ్ముతోంది."

ఓబులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను చెప్తే నమ్మకపోతివి. జడ్జి చెప్తే నమ్మినావా?"

"తప్పయిందిమా" అని వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదలకుండానే మెట్లు దిగి, రాచర్ల ఆటో ఎక్కాడు.

ఆ తర్వాత అలాంటి కేసులు మరికొన్ని చేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా కాగితాలు తెచ్చారా అని ముందు అడగను. మీరేం చూశారో చెప్పండి అంటాను, వాళ్లు ముగించేదాకా నోరు మూసుకుంటాను. ఓబులమ్మ మాట వినని వాళ్లను లెక్కపెడితే నర్సు, డ్యూటీ డాక్టరు, కొడుకు అని ముగ్గురు తేలతారు. మేకల సంగతి ఎత్తవద్దన్న నాలుగోవాణ్ణి నేనే.